హాల్‌టికెట్‌లో 05ఈ3 ఐదు వేలు ఎందుకవుతుంది

జేఎన్టీయూ అనుబంధ ఇంజినీరింగ్ కాలేజీల్లో చాలాచోట్ల కనిపించే హాల్‌టికెట్ నంబరు పది అక్షరాలది. మొదటి రెండంకెలు చేరిన సంవత్సరం, తర్వాత కాలేజీ కోడ్, దాని వెనక 1ఏ, ఆపైన రెండంకెలు బ్రాంచి, చివరి రెండూ వరుస సంఖ్య. బ్రాంచిలో 05 అంటే సీఎస్‌ఈ, 04 అంటే ఈసీఈ. వరుస 99 దాటాక 100 రాదు. ఏ0, ఏ1 అంటూ ఇంగ్లిష్ అక్షరాల్లోకి దిగుతుంది. పెద్ద బ్రాంచిల్లో అలా పోయి పోయి ఈ0, ఈ1 దాకా చేరుతుంది. ఆఫీసులో పది అక్షరాలూ కొట్టే ఓపిక ఎవరికుంటుంది? ముందు భాగం అందరికీ ఒకటేగా అని చివరి నాలుగే కొడతారు. 05ఏ0 నుంచి 05డీ9 దాకా ఏ గొడవా ఉండదు. 05ఈ3 కొట్టి ఎంటర్ నొక్కగానే ఎక్సెల్ సెల్‌లో 5.00ఈ+03 అని కూర్చుంటుంది. పైన ఫార్ములా బార్‌లో చూస్తే 5000.

ఎక్సెల్ లెక్క ఎక్సెల్‌ది. అంకెల మధ్య ఆ అక్షరం కనిపిస్తే సైంటిఫిక్ నొటేషన్ అనుకుని, 5 పక్కన మూడు సున్నాలు పెట్టేస్తుంది. సెకండియర్ కుర్రాడికి ఇది చూడగానే తెలుస్తుంది. అతనికి తెలియనిది ఆ సీట్లో ఉన్న జూనియర్ అసిస్టెంట్ మేడమ్‌కి తెలుసు. లేటరల్ ఎంట్రీలో, అంటే డిప్లొమా చేసి నేరుగా సెకండియర్‌లో వచ్చినవాళ్లకి 1ఏ బదులు 5ఏ ఉంటుంది, సంవత్సరం కూడా ఒకటి ఎక్కువ ఉంటుంది. అంటే చివరి నాలుగూ 0501 అయినవాళ్లు ఒకే క్లాసులో ఇద్దరుంటారు. కుర్రాడు తెలివిగా ఫార్ములా రాసి అందరికీ ఒకే ముందు భాగం అతికిస్తే ఒకరి మార్కులు ఇంకొకరి ఖాతాలో పడతాయి. ఈ ఒక్క సెల్ ముందు ఇద్దరూ కూర్చుంటే పది నిమిషాల పని. విడివిడిగా చేస్తే ఇద్దరూ తప్పే చేస్తారు.

యూనివర్సిటీల్లో డిజిటల్ నైపుణ్యాలు నేర్పడమంటే మామూలుగా సెమినార్ హాలు, బ్యానరు, బొకే, ఒక రిసోర్స్ పర్సన్, అరవై మంది స్టాఫ్, మధ్యలో సమోసా. మర్నాడు సీట్లో కూర్చునేసరికి అందులో ఒక్క స్లైడూ గుర్తుండదు. స్లైడ్‌లో చూపించింది ఎవరిదో పండ్ల కొట్టు అమ్మకాల పట్టిక, టేబుల్ మీద ఉన్నది హాజరు తగ్గినవాళ్లు కట్టే కండోనేషన్ ఫీజు లిస్టు. ఆ రెండింటికీ పొంతన కలపడం కష్టం. అందుకని జంట పద్ధతి మేలు. ఒక స్టాఫ్, ఒక స్టూడెంట్, ఒక కంప్యూటరు, ఆ రోజు నిజంగా చేయాల్సిన పని ఒకటి.

వారానికి రెండు రోజులు, ఒక్కోసారి 45 నిమిషాలు చాలు. పొద్దున పదిన్నర నుంచి ఒంటిగంట దాకా కౌంటర్ దగ్గర జనం ఉంటారు కాబట్టి అప్పుడు పెట్టుకోవద్దు. నాలుగున్నర దాటితే ఉప్పల్, ఎల్బీనగర్ వెళ్లేవాళ్ల ధ్యాసంతా బస్సు మీదే. మూడుంబావు నుంచి నాలుగు సరైన సమయం. ఎగ్జామ్ ఫీజు చివరి తేదీ ఉన్న వారం పూర్తిగా వదిలేయాలి. అంబేడ్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం లాంటి చోట స్టూడెంట్లు స్టడీ సెంటర్‌కి వచ్చేదే ఎక్కువగా ఆదివారాలు, అక్కడ లెక్క వేరుగా వేసుకోవాలి. మొదటి సెమిస్టరులో ఆరు నుంచి ఎనిమిది జంటలు మించకపోతే మంచిది. సమన్వయం చేసేవాళ్లు వారానికోసారి ప్రతి జంట దగ్గరా పది నిమిషాలు కూర్చోగలిగినంత సంఖ్య అదే.

జంటలు కలపడంలో ఒక జాగ్రత్త. ఏ స్టూడెంట్‌కి ఏ టీచర్ ఇంటర్నల్ మార్కులు వేస్తారో ఆ ఇద్దరినీ కలపకూడదు. కుర్రాడు "అది తప్పు సార్" అనలేడు. పక్క డిపార్ట్‌మెంట్ వాళ్లయితే అనగలడు.

కూర్చునే తీరుకి ఒకటే నిబంధన: మౌస్ నేర్చుకునేవాళ్ల చేతిలోనే ఉండాలి. చెప్పినంత తేలిక కాదిది. మేడమ్ మెనూ వెతుకుతుంటే మూడో సెకనుకి స్టూడెంట్ చెయ్యి దానంతటదే మౌస్ మీదికి వెళ్తుంది, "ఉండండి మేడమ్, నేను చేసేస్తా" అంటాడు. పని అయిపోతుంది, నేర్పు మాత్రం అతని దగ్గరే మిగులుతుంది. అందుకే స్టూడెంట్ కుర్చీ ఎడమ పక్కన వేయాలి, మౌస్ అందకుండా. అతను నోటితోనే చెప్పాలి. ‘అక్కడ నొక్కండి’ అంటే ఎక్కడ? ‘పైన వరసలో డేటా అని ఉంది, దాని కింద ఎడమ చివర’ అని చెప్పడం అతనికీ కొత్త విద్యే. మేడమ్ ఆ అడుగుల్ని తన మాటల్లో, తెలుగులో, నోటుబుక్కులో రాసుకోవాలి. స్టూడెంట్ టైపు చేసి ఇచ్చిన ప్రింటవుట్ కంటే ఆ చేతిరాత పేజీయే తర్వాత పనికొస్తుంది.

సాయం రెండువైపులా ఉంటుంది. ఇప్పటి పిల్లలు ఫోన్‌లో పెరిగినవాళ్లు. రీల్ ఎడిట్ చేయడం వచ్చు గానీ ఫోల్డర్ అంటే ఏమిటో చాలామందికి తెలియదు. ఫైలు ఎక్కడుందంటే ‘వాట్సాప్‌లో ఉంది’ అంటారు. గూగుల్ డాక్స్ దానంతటదే సేవ్ చేసుకుంటుంది కాబట్టి ఆఫీసులో పాత వర్డ్ ముందు కంట్రోల్ ఎస్ నొక్కాలన్న ఆలోచనే రాదు, కరెంటు పోతే చేసిన పని పోవచ్చు. ఫైలుకి పేరు పెట్టడం, మెయిల్‌కి సబ్జెక్ట్ లైన్ రాయడం, పాత సర్క్యులర్ నంబరూ తేదీ ఉటంకించడం, ఏ కాగితం ఏ సెక్షన్‌కి ఎందుకు వెళ్తుందో తెలియడం... ఇవన్నీ నేర్పగలిగేది సూపరింటెండెంట్ గారే. ఫైలు పేరులో ముందు సంవత్సరం, తర్వాత నెల, తేదీ పెట్టే అలవాటు ఇద్దరూ కలిసి చేసుకుంటే ఫోల్డర్‌లో ఫైళ్లు వాటంతటవే వరుసలో నిలబడతాయి. ‘ఫైనల్’, ‘ఫైనల్ కొత్తది’, ‘ఫైనల్ ఇదే’ అనే మూడు ఫైళ్ల బాధ తప్పుతుంది.

ఇక ఎక్సెల్ దగ్గరికి. సగం రోజులు ఇక్కడే గడుస్తాయి.

మొదటి పాఠం ఫార్ములా కాదు, కాలమ్‌ని టెక్స్ట్‌గా మార్చడం. ఏదైనా కొట్టక ముందే కాలమ్ మొత్తం సెలెక్ట్ చేసి, కంట్రోల్ 1 నొక్కి, టెక్స్ట్ ఎంచుకోవాలి. కొట్టిన తర్వాత మారిస్తే లాభం లేదు. 5000 అయిపోయిన సెల్‌ని టెక్స్ట్ చేస్తే 5000 అనే మిగులుతుంది, 05ఈ3 తిరిగిరాదు. ఒకటి రెండు సెల్స్ అయితే ముందు ఒక అపాస్ట్రఫీ కొట్టి నంబరు కొడితే సరిపోతుంది. మైక్రోసాఫ్ట్ 365లో ఆప్షన్స్‌లో డేటా కింద ఈ మార్పిడిని ఆపేసే సెట్టింగ్ వచ్చింది. పాత వెర్షన్లున్న ఆఫీసుల్లో అది దొరకదు.

12 అంకెల హాల్‌టికెట్ నంబర్లున్న చోట ఇంకో రూపం కనిపిస్తుంది. సెల్‌లో ఏదో దశాంశం, పక్కన ఈ+11. ఇది కంగారు పడాల్సింది కాదు. లోపల నంబరు భద్రంగానే ఉంది, ఫార్మాట్‌లో నంబర్ ఎంచుకుని దశాంశాలు సున్నా చేస్తే కనిపిస్తుంది. అసలు ప్రమాదం 15 అంకెలు దాటినప్పుడు. ఎక్సెల్ 15 అంకెల వరకే గుర్తుంచుకుంటుంది, పదహారోది సున్నా చేసేస్తుంది. 16 అంకెల ఖాతా నంబర్లున్న బ్యాంకులున్నాయి. స్కాలర్‌షిప్ లిస్టులో అలా ఒక్క అంకె మారితే డబ్బు వెనక్కి వస్తుంది, స్టూడెంట్ కౌంటర్ చుట్టూ తిరుగుతుంటాడు, తప్పెక్కడుందో ఎవరికీ తెలియదు.

ఒక లిస్టులోని నంబరుని బట్టి ఇంకో లిస్టులోంచి మార్కులు తెచ్చే వీలుకప్ ఫార్ములా నేర్పేటప్పుడు దాని నాలుగో భాగం ఫాల్స్ అని రాయడం మర్చిపోతే ఏమవుతుందో కావాలనే చేసి చూపించాలి. ఎర్రర్ రాదు. రాకపోవడమే అసలు చిక్కు. వరుసలో లేని లిస్టులో దగ్గర్లో ఉన్న ఇంకెవరి మార్కులో తెచ్చి నిశ్శబ్దంగా పెడుతుంది. ఎర్రర్ వస్తే అదృష్టమే అనుకోవాలి, కారణం వెతకొచ్చు. ఆ కారణాలు దాదాపు మూడే. ఒక లిస్టులో నంబరు టెక్స్ట్‌గా ఉంటుంది, రెండోదానిలో అంకెగా ఉంటుంది. సెల్ మూలన చిన్న ఆకుపచ్చ త్రికోణం దీన్ని పట్టిస్తుంది. లేదా వెనక ఒక స్పేస్ ఉండిపోతుంది, దానికి ట్రిమ్ ఉంది. ట్రిమ్ చేసినా కలవకపోతే, ఆ లిస్టు వెబ్ పేజీ నుంచి కాపీ చేసినదై ఉంటుంది. వెబ్ పేజీల్లో వచ్చే స్పేస్ వేరే రకం, దాని నంబరు 160. ట్రిమ్ దాన్ని ముట్టుకోదు. సబ్‌స్టిట్యూట్ ఫార్ములాతో 160 నంబరు క్యారెక్టర్‌ని తీసేయాలి.

ఒకే కాలమ్ సెలెక్ట్ చేసి సార్ట్ నొక్కితే ఎక్సెల్ ఒక ప్రశ్న అడుగుతుంది: పక్క కాలమ్స్‌ని కూడా కలుపుకోమంటారా, ఉన్నదానితో కానివ్వమంటారా అని. రెండోది నొక్కితే పేర్లు కదులుతాయి, మార్కులు ఉన్నచోటే ఉంటాయి. ఆ ఫైలు సేవ్ చేసి మూసేస్తే ఇక వెనక్కి తేలేం. దీనికి మందు ఒకటే, పని మొదలుపెట్టక ముందు కాపీ తీసుకోవడం. అందం కోసం సెల్స్ మెర్జ్ చేసిన షీట్ అయితే సార్ట్ అసలు ఒప్పుకోదు. హెడ్డింగ్ మెర్జ్ చేసుకోండి, డేటాలో మాత్రం వద్దు.

తేదీలది మరో తంటా. కంప్యూటరు సెట్టింగ్ అమెరికా పద్ధతిలో ఉంటే 05-07-2004 మే 7 అవుతుంది. 13-07-2004 మాత్రం తేదీ కాలేక టెక్స్ట్‌గా మిగిలిపోతుంది. ఒకే కాలమ్‌లో కొన్ని తేదీలు కుడివైపు, కొన్ని ఎడమవైపు అంటుకుని కనిపిస్తే ఇదే జరిగిందని అర్థం.

తెలుగు విషయంలో మాత్రం పెద్దవాళ్ల మాట వినాలి. చాలా సెక్షన్లలో పాత సర్క్యులర్లు, సిలబస్‌లు, ప్రశ్నపత్రాలు అను ఫాంట్లలో ఉంటాయి. అవి చూడటానికి తెలుగే గానీ, లోపల ఇంగ్లిష్ అక్షరాల స్థానాల్లో తెలుగు అక్షరాల ముక్కలు కూర్చిన బొమ్మలు. ఆ ఫాంట్ లేని కంప్యూటర్లో తెరిస్తే పిచ్చి అక్షరాలు వస్తాయి. గూగుల్‌లో వెతికితే దొరకవు. అన్ని భాషల లిపులకీ కలిపి ఉన్న ప్రమాణం యూనికోడ్. అందులో తెలుగుకి తనదైన స్థానం ఉంది, 128 స్థానాల గది. అందులో రాసినది ఫోన్‌లోనూ, మెయిల్‌లోనూ, వెబ్‌సైట్లోనూ తెలుగుగానే ఉంటుంది. కన్వర్టర్లు దొరుకుతాయి కానీ మొత్తం ఫైలు ఒకేసారి వేయొద్దు. ముందు ఒక పేజీ వేసి చూడండి. తప్పులు ఎక్కువగా వత్తుల దగ్గర వస్తాయి. అంతకంటే నష్టం చేసేది మధ్యలో ఉన్న ఇంగ్లిష్ మాటలు. కన్వర్టర్ వాటినీ అను అక్షరాలే అనుకుని అర్థంలేని తెలుగు చేసేస్తుంది. వర్డ్‌లో ఫైండ్ అండ్ రీప్లేస్‌లో ఫాంట్ పేరుతో వెతికి ఇంగ్లిష్ భాగాలకి ముందే రంగు వేసుకుంటే వాటిని పక్కన పెట్టుకోవచ్చు. మార్చాక మొదట సరిచూడాల్సింది తేదీలు, రుసుముల అంకెలు. ‘విశ్వవిద్యాలయం’లో వత్తు జారితే చదివేవాడు నవ్వుకుంటాడు, ఫీజులో అంకె జారితే గొడవకి వస్తాడు.

అను ఆపిల్, మాడ్యులర్ కీబోర్డు లేఅవుట్లకి ముప్పయ్యేళ్లుగా అలవాటైన వేళ్లని ‘ఇక ఫొనెటిక్ (ఇంగ్లిష్ అక్షరాల ఉచ్చారణతో తెలుగు కొట్టడం) నేర్చుకోండి’ అనకూడదు. ఆ వేగం ఏ స్టూడెంట్‌కీ లేదు. విండోస్‌లో ఇన్‌స్క్రిప్ట్, ఫొనెటిక్ రెండూ ఉన్నాయి, ఏమీ ఇన్‌స్టాల్ చేయలేని కంప్యూటర్లో లేఖిని వెబ్‌సైట్ ఉంది, ఫోన్‌లో జీబోర్డ్ ఉంది. ఎవరికి ఏది చేతికొస్తే అదే. చివరికి వచ్చేది యూనికోడ్ అయితే చాలు.

ఇక్కడే ఒక కనిపించని అక్షరం గురించి చెప్పాలి. సాఫ్ట్‌వేర్ అని రాయబోతే కొన్నిసార్లు సాఫ్ట్వేర్ అని వస్తుంది, వకారం ట కింద వత్తుగా దూరిపోతుంది. పొల్లుని పొల్లుగా నిలపాలంటే రెండింటి మధ్య వెడల్పు లేని ఒక గుర్తు పెట్టాలి. వర్డ్‌లో కర్సర్ అక్కడ పెట్టి, ఇంగ్లిష్‌లో 200సీ కొట్టి, ఆల్ట్ ఎక్స్ నొక్కితే అది వస్తుంది. అంతా బాగుంది గానీ, ఈ గుర్తు ఉన్న మాట, లేని మాట కంప్యూటరుకి రెండు వేర్వేరు మాటలు. కోర్సుల పేర్లు తెలుగులో ఉన్న లిస్టుని ఫిల్టర్ చేస్తే ఒకే కోర్సు రెండుసార్లు కనబడటానికి కారణం తరచూ ఇదే. అందుకే లిస్టులు కలిపేటప్పుడు పేరుతో ఎప్పుడూ కలపొద్దు, హాల్‌టికెట్ నంబరుతోనే కలపాలి.

రెండు చిన్న సంగతులు. లైన్ స్పేసింగ్ ‘ఎగ్జాక్ట్‌లీ’ అని ఉంటే ప్రింట్‌లో కింది వత్తులు తెగిపోతాయి, ‘ఎట్ లీస్ట్’ పెట్టండి. తెలుగున్న ఎక్సెల్ షీట్‌ని సీఎస్‌వీగా (కామాలతో విడదీసిన టెక్స్ట్ ఫైలుగా) ఇవ్వాల్సి వస్తే మామూలు సీఎస్‌వీలో తెలుగంతా ప్రశ్నార్థకాలవుతుంది, లిస్టులో యూటీఎఫ్-8 అని ఉన్నదాన్ని ఎంచుకోవాలి. ఆ ఫైలుని తిరిగి ఎక్సెల్‌లో డబుల్ క్లిక్‌తో తెరవొద్దు. 05ఈ3 మళ్లీ ఐదు వేలవుతుంది. డేటా మెనూలోంచి టెక్స్ట్ ఆర్ సీఎస్‌వీ అన్న దారిలో తెచ్చుకుని, ఆ కాలమ్ టెక్స్ట్ అని చెప్పాలి.

స్కానింగ్‌లో తెలుసుకోవాల్సింది కొద్దిగానే. ఏ4 పేజీ 300 డీపీఐలో (అంగుళానికి 300 చుక్కలు) 2480 బై 3508 పిక్సెల్స్, కంప్రెస్ చేయకపోతే రంగుల్లో 26 ఎంబీ, గ్రేలో దాదాపు 9 ఎంబీ. పోర్టల్ 200 కేబీ అడిగితే 150 డీపీఐ గ్రేలో జేపెగ్ చేస్తే చాలావరకు సర్దుకుంటుంది. సైజు తగ్గుతుందని పూర్తి నలుపు తెలుపుకి పోతే ఊదారంగు స్టాంపు, ఆకుపచ్చ సంతకం మాయమవుతాయి, సర్టిఫికెట్ వెనక్కి వస్తుంది. అక్షరాలుగా మార్చాలనుకుంటే మాత్రం 300 తగ్గొద్దు. గూగుల్ డ్రైవ్‌లో బొమ్మని గూగుల్ డాక్స్‌తో తెరిస్తే తెలుగు అచ్చుని బాగానే చదువుతుంది, ఫైలు 2 ఎంబీ లోపు ఉండాలి, పేజీ పక్కకో తలకిందులుగానో తిరిగి ఉండకూడదు. రెండు కాలమ్స్ ఉన్న పేజీని కత్తిరించి విడివిడిగా ఇవ్వాలి. హైదరాబాద్‌కే ఉన్న ఒక ప్రత్యేక చిక్కు ఉర్దూ. ఉస్మానియా 1918లో మొదలైంది ఉర్దూ మాధ్యమంతో. ఆ కాలపు కాగితాలు, అందులోనూ చేతిరాతవి, ఏ సాఫ్ట్‌వేర్ మీదా వదిలేయలేం. ఉర్దూ చదవగల స్టూడెంట్‌ని పక్కన కూర్చోబెట్టుకుని ప్రతి కాగితానికీ తేదీ, విషయం, పేర్లు మూడు కాలమ్స్‌లో రాయించుకుంటే చాలు. వెతకడానికి అదే ఎక్కువ పనికొస్తుంది.

పేర్ల తకరారు కౌంటర్లో రోజూ ఉండేదే. టెన్త్ మెమోలో ఇంటిపేరు పూర్తిగా ముందు, ఆధార్‌లో ఇంటిపేరు ఒక్క పొడి అక్షరమై చివర. డిజీలాకర్ ఆధార్‌లోని పేరు తీసుకుంటుంది, యూనివర్సిటీ రికార్డు టెన్త్ మెమోని అనుసరిస్తుంది. స్టూడెంట్ క్రెడిట్లు జమచేసే అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ ఐడీతో రెండూ కలపబోతే కుదరదు. స్టూడెంట్ యాప్‌ని తిడతాడు. యాప్‌లో సరిదిద్దేది ఏమీ లేదు, ఆధార్ కేంద్రానికి మెమో పట్టుకుని వెళ్లాలి. ఈ మాట క్లర్క్ గారు చెబితే, స్టూడెంట్లు దాన్ని బొమ్మలతో ఒక పేజీ చేసి వాట్సాప్ గ్రూపుల్లో పెట్టొచ్చు. కౌంటర్ దగ్గర క్యూ తగ్గే పని ఇది.

స్టూడెంట్‌ని పక్కన కూర్చోబెట్టుకున్నప్పుడు కొన్ని హద్దులు కచ్చితంగా ఉండాలి. ఎగ్జామినేషన్ బ్రాంచి అసలు ఫైళ్లు తెరవొద్దు. మార్కుల లిస్టు మీద నేర్పాలంటే పేర్లు, నంబర్లు మార్చిన కాపీ తయారు చేసుకోవాలి. 2023లో డేటా పరిరక్షణ చట్టం వచ్చింది సరే, అది లేకపోయినా తోటివాళ్ల మార్కులు, కులం, ఆదాయం ఇంకో స్టూడెంట్ చూడాల్సినవి కావు. పాస్‌వర్డ్ కొట్టేటప్పుడు స్టూడెంట్ అటు తిరగాలి, ఓటీపీ నోటితో చదవకూడదు. కీబోర్డు కింద అంటించిన చీటీ మొదటిరోజే తీసేయాలి. వాట్సాప్ వెబ్ లాగవుట్ చేయించాలి.

గూగుల్ ఫారం ఎవరి అకౌంట్‌లో పుట్టిందో కూడా చూసుకోవాలి. స్టూడెంట్ తన అకౌంట్‌లో చక్కటి ఫారం చేసి ఇస్తాడు, ఏడాది తిరిగేసరికి కోర్సు అయిపోతుంది, కాలేజీ అతని మెయిల్ మూసేస్తుంది, ఫారం, దానిలోని ఆరు వందల జవాబులు పోతాయి. సెక్షన్ పేరుతో ఉన్న అకౌంట్‌లో గానీ షేర్డ్ డ్రైవ్‌లో గానీ మొదలుపెట్టించాలి, మేనేజర్లుగా కనీసం ఇద్దరు స్టాఫ్ ఉండాలి.

ఇలాంటి కార్యక్రమాలు చెడేది ఎక్కువగా ఒకే దారిలో. మూడో వారానికి స్టూడెంట్ కాస్తా జీతంలేని డేటా ఎంట్రీ ఆపరేటర్ అవుతాడు. "బాబూ, ఈ నాలుగు వందల పేర్లు కొట్టేసి వెళ్లు" అంటారు. అతను రెండుసార్లు కొడతాడు, మూడోసారి రాడు. ఇరవై వరసలు దాటిన ఎంట్రీ పని జంట సమయంలో ఉండదని మొదటే కాగితం మీద రాసుకోవాలి. స్టాఫ్ వైపు ఇబ్బంది మరోటి. పిల్లల ముందు తెలియదని ఒప్పుకోవడం నామోషీ. దానికి మొదటి రెండు వారాలు పక్కవాళ్లకి వినపడని మూల సీటు ఇవ్వడం కంటే గొప్ప ఉపాయం లేదు. ఒకే ప్రశ్న మూడు జంటలు అడిగితే దానికి ఒక పేజీ తయారుచేసి గోడకి అంటించాలి, నాలుగోవాళ్లు అడగరు.

నెల తిరిగాక ఒక పరీక్ష పెట్టండి. స్టూడెంట్ బయట చాయ్ తాగుతుంటాడు, మేడమ్ ఒక్కరే కూర్చుంటారు. ముందెప్పుడూ చూడని నలభై పేర్ల లిస్టు, అందులో కావాలని దాచిన నాలుగు తప్పులు: ఐదు వేలైపోయిన ఒక హాల్‌టికెట్, వెనక స్పేస్ ఉన్న నంబరు ఒకటి, ఎడమకి అంటుకున్న తేదీ ఒకటి, 5ఏ ఉండాల్సిన చోట 1ఏ. అరగంట సమయం, నోటుబుక్కు చూసుకోవచ్చు. నాలుగూ దొరికితే ఆ జంటని విడదీసి, మేడమ్‌ని పక్క సెక్షన్‌లో కొత్తవాళ్లకి ఎడమ పక్కన కుర్చీ వేసి కూర్చోబెట్టొచ్చు.